గ్రాఫిక్స్ కార్డును కొలవడం ఎలా? ఆటల ఎంపిక, పరీక్షా పద్ధతి



బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ వెళ్లే దారిలో కోని ఉంది. గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం, ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది అక్కడే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర వారు ఎందరో రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చి స్థిరపడ్డారు. అలాంటి ఒక కుటుంబంలోని అమ్మాయి కోనిలో ఇంజనీరింగ్ చదువుతోందనుకుందాం. కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు కొనుక్కోమని నాన్న ముప్పై వేల రూపాయలు ఇచ్చాడు. అదే ధరకు రెండు కార్డులు దొరుకుతున్నాయి. మొదటిది ఎక్కువ వేగమని ఒక సమీక్ష చెబుతోంది. కాదు, రెండోదే మేలని మరో సమీక్ష చెబుతోంది. ఎవరిని నమ్మాలి?

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఒకరు కొన్ని ఆటలతో కొలిచారు, మరొకరు వేరే ఆటలతో కొలిచారు. ఒకరు సగటు వేగం చూశారు, మరొకరు ఆట ఎక్కడ తడబడుతోందో చూశారు. ఏ కొలతకైనా అంకెతో పాటు రెండు విషయాలు తెలియాలి. దేన్ని కొలిచారు? ఎలా కొలిచారు? ఈ రెండూ లేని అంకెను చూసి డబ్బు ఖర్చు పెట్టకూడదు. ఈ పాఠంలో ఆ రెండు ప్రశ్నలకు జవాబు వెతుకుదాం.

బెంచ్‌మార్క్ అంటే ఏమిటి?

రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివర ఉండే పసుపు పచ్చ బోర్డును మీరు చూసే ఉంటారు. ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసి ఉంటుంది. ఇలాంటి ఎత్తులను లెక్కగట్టడానికి సర్వేయర్లు కదలని రాయి మీదో, కట్టడం గోడ మీదో ఒక అడ్డగీత చెక్కేవారు. ఆ గీతలో ఇనుప పట్టీ దూర్చి, దానినే బల్లలా చేసుకుని, కొలబద్దను దాని మీద నిలబెట్టేవారు. బల్లకు ఇంగ్లీషులో బెంచ్ అంటారు కదా! బెంచ్‌మార్క్ అనే మాట అలా పుట్టింది.

ఆ గుర్తులో మూడు లక్షణాలున్నాయి. అది కదలదు. దాని విలువ ముందే తెలుసు. ఎవరు ఎప్పుడు వచ్చి కొలిచినా అదే జవాబు రావాలి. కంప్యూటర్ల వేగాన్ని పోల్చవలసి వచ్చినప్పుడు శాస్త్రవేత్తలు ఈ మాటనే తీసుకున్నారు. 1970లలో బ్రిటన్‌లో వెట్‌స్టోన్ అనే పరీక్షా ప్రోగ్రామ్ వచ్చింది. 1984లో డ్రైస్టోన్ వచ్చింది. అందరూ ఒకే ప్రోగ్రామ్‌ను నడిపి, ఎవరి కంప్యూటర్ ముందు ముగిస్తుందో చూసేవారు. గ్రాఫిక్స్ కార్డు విషయంలో ఆ ప్రోగ్రామ్ స్థానంలో ఆట ఉంటుంది. అయితే ఆట సర్వే రాయిలా కదలకుండా ఉండదు. మన కష్టమంతా అక్కడే ఉంది.

కార్డు చేసే పని

తెర మీద కదిలే బొమ్మ నిజానికి వరుసగా వచ్చే నిశ్చల చిత్రాలు. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటాం. 1920 × 1080 తెరలో 20,73,600 చుక్కలు ఉంటాయి. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే సెకనుకు సుమారు 12 కోట్ల 44 లక్షల చుక్కల రంగు తేల్చాలి. ఆ పని గ్రాఫిక్స్ కార్డుది. కానీ అది ఒంటరిగా పనిచేయదు. శత్రువు ఎటు కదిలాడు, తలుపు తెరుచుకుందా, ఏ వస్తువును గీయాలి అన్నవి ప్రాసెసర్ నిర్ణయించి కార్డుకు పంపాలి.

2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం బిలాస్‌పూరే. కోర్బా బొగ్గు గూడ్సు బండ్లు ఆ దారిలో నిత్యం నడుస్తుంటాయి. బొగ్గు నింపడం ఆలస్యమైతే ఎంత బలమైన ఇంజన్ అయినా సైడింగ్‌లో నిలబడే ఉంటుంది. అప్పుడు బండి చేరిన సమయాన్ని బట్టి ఇంజన్ శక్తిని లెక్కిస్తే తప్పు కదా! నెమ్మది ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లో రెండు కార్డులను పరీక్షించినా ఇదే జరుగుతుంది. రెండూ ఒకే అంకె చూపిస్తాయి. రెండూ సమానమని మనం పొరబడతాం. నిజానికి మనం కొలిచింది ప్రాసెసర్‌ను.

దీన్ని కనిపెట్టడం సులువే. తెర రిజల్యూషన్‌ను తగ్గించి మళ్లీ ఆడించండి. గీయవలసిన చుక్కలు తగ్గినా ఫ్రేముల సంఖ్య పెరగకపోతే ఆపుతున్నది ప్రాసెసర్ అని అర్థం. కార్డులను పోల్చేవారు అందుబాటులో ఉన్న అన్నింటికన్నా వేగవంతమైన ప్రాసెసర్‌ను వాడేది ఇందుకే. కానీ కొనేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. మీ ఇంట్లో ఉన్నది పాత ప్రాసెసర్ అయితే సమీక్షలో కనిపించిన తేడా మీకు పూర్తిగా దక్కకపోవచ్చు.

ఏ ఆటలను ఎంచుకోవాలి?

ఒకే ఆటతో కార్డును తూచడం ఒకే ప్రశ్నతో విద్యార్థి తెలివిని తేల్చడం లాంటిది. ప్రశ్నపత్రంలో ప్రతి అధ్యాయం నుంచి ప్రశ్న ఉండాలి. ఆటల జాబితా కూడా అంతే. ఎంపికకు ఐదు సూత్రాలు చెబుతాను.

మొదటిది, ఆ ఆటను జనం నిజంగా ఆడుతూ ఉండాలి. ఎవరూ ఆడని ఆటలో గెలిచిన కార్డు ఎవరికి ఉపయోగం?

రెండోది, ఆటల ఇంజన్లు వేరువేరుగా ఉండాలి. ఇక్కడ ఇంజన్ అంటే ఆటను నిర్మించే మూల సాఫ్ట్‌వేర్. అన్‌రియల్ ఇంజన్ మీద తయారైన ఆటలు ఐదు తీసుకుంటే ఐదు పరీక్షలు చేసినట్టు కాదు, దాదాపు ఒకే పరీక్షను ఐదుసార్లు చేసినట్టు. అలాగే కొన్ని ఆటలు డైరెక్ట్3డి 11తో, కొన్ని డైరెక్ట్3డి 12తో, కొన్ని వల్కన్‌తో కార్డుకు ఆదేశాలు పంపుతాయి. జాబితాలో ఇవన్నీ ఉండాలి. 2020లో వచ్చిన డూమ్ ఎటర్నల్ వల్కన్‌కు మంచి ఉదాహరణ.

మూడోది, ఆటల భారం రకరకాలుగా ఉండాలి. కౌంటర్-స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలో సెకనుకు వందల ఫ్రేములు కావాలి, అక్కడ ప్రాసెసర్ ప్రభావం ఎక్కువ. సైబర్‌పంక్ 2077లో వీధులు, వెలుగులు, ప్రతిబింబాలు కార్డుకు చెమటలు పట్టిస్తాయి. సివిలైజేషన్ 6లో రెండు పరీక్షలు వేరుగా ఉన్నాయి. ఒకటి బొమ్మ గీసే వేగానికి, రెండోది కంప్యూటర్ తన ఎత్తు వేయడానికి పట్టే సమయానికి. రెండోది ప్రాసెసర్ పరీక్ష. దాన్ని గ్రాఫిక్స్ కార్డు ఖాతాలో వేయకూడదు.

నాలుగోది, కొన్ని ఆటలను కార్డుల కంపెనీలతో కలిసి తీర్చిదిద్దుతారు. అవి ఆ కంపెనీ కార్డులకు అనుకూలంగా ఉండే అవకాశం ఉంది. అలాంటి ఆటలను వదిలేయనక్కరలేదు. ఒక పక్షం ఆటలే జాబితా నిండా ఉండకుండా చూసుకుంటే చాలు.

ఐదోది, పరీక్షను మళ్లీ మళ్లీ అదే విధంగా చేయగలగాలి. 1993లో వచ్చిన డూమ్ ఆటలో దీనికి చక్కని ఉపాయం ఉంది. ఆడిన మనిషి నొక్కిన మీటలను ఒక ఫైలులో భద్రపరిచి, టైమ్‌డెమో అనే ఆదేశంతో మళ్లీ నడిపించవచ్చు. ఎన్నిసార్లు నడిపినా అవే ఫ్రేములు, అదే వరుస. ఆ ఆట గడియారంలో సెకనుకు 35 టిక్కులు. ఆట లెక్కలో 2,000 టిక్కులు ఉన్న డెమోను కంప్యూటర్ 1,000 టిక్కుల నిజ సమయంలో ముగిస్తే వేగం సెకనుకు 70 ఫ్రేములన్నమాట. నేటి ఆటల్లో షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వంటివి సొంత పరీక్షతోనే వస్తాయి. సొంత పరీక్ష లేని ఆటలో మీరే ఒక దారి ఎంచుకోండి. అదే చోటు నుంచి, అదే మలుపులు తిరుగుతూ, 60 సెకన్లు నడవండి. ఎదుటి ఆటగాళ్ల మీద ఆధారపడే ఆన్‌లైన్ పోటీని పరీక్షకు వాడకండి. ఏ రెండు పోటీలూ ఒకేలా ఉండవు.

జాబితాను పరీక్షకు ముందే రాసి పెట్టుకోండి. ఫలితాలు చూశాక నచ్చని ఆటను తీసేయడం, నచ్చినదాన్ని చేర్చడం మొదలుపెడితే అది పరీక్ష కాదు, ముందే రాసుకున్న తీర్పుకు సాక్షులను వెతకడం.

పరీక్ష కోసమే చదివితే?

ముఖ్యమైన ప్రశ్నలు ముందే తెలిస్తే కొందరు విద్యార్థులు వాటినే బట్టీ పడతారు. కార్డుల చరిత్రలోనూ ఇది జరిగింది.

2001 అక్టోబరులో హార్డ్ఓసీపీ సమీక్షకులు ఏటీఐ కంపెనీ రేడియాన్ 8500 కార్డును క్వేక్ 3 ఆటతో పరీక్షించారు. ఆట ఫైలు పేరులోని క్వేక్‌ను క్వాక్ అని మార్చి చూస్తే వేగం తగ్గింది, బొమ్మ నాణ్యత పెరిగింది. అంటే కార్డు డ్రైవర్ ఆ ఆటను పేరు చూసి గుర్తుపట్టి, నాణ్యత తగ్గించి వేగం చూపిస్తోందన్నమాట. తర్వాత వచ్చిన డ్రైవర్‌లో నాణ్యతను సరిచేశారు.

2003 మేలో ఇంకో ఉదంతం. 3డీమార్క్03 అనే పరీక్షా ప్రోగ్రామ్‌లో కెమెరా ఎప్పుడూ ఒకే దారిలో కదులుతుంది. ఆ దారి తెలిస్తే తెర మీద కనిపించని భాగాలను అసలు గీయకుండా వదిలేయవచ్చు. ఎన్‌విడియా డ్రైవర్ తమ పరీక్షను గుర్తుపట్టి ఇలాంటివి చేస్తోందని ఆ ప్రోగ్రామ్ తయారీదారు ఫ్యూచర్‌మార్క్ ప్రకటించింది. గుర్తుపట్టకుండా మార్చిన కొత్త రూపంలో జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5900 అల్ట్రా స్కోరు దాదాపు 24 శాతం పడిపోయింది. అదే మార్పుతో ఏటీఐ కార్డు స్కోరు కూడా సుమారు 2 శాతం తగ్గింది. తర్వాతి నెలలో రెండు సంస్థలూ కలిసి ఒక ప్రకటన చేశాయి. దీన్ని మోసం అనకుండా ఒక ప్రోగ్రామ్ కోసం ప్రత్యేకంగా చేసిన సవరణ అన్నాయి. పేరు ఏది పెట్టినా మనకు పాఠం ఒకటే. ప్రపంచమంతా వాడే ఒకే పరీక్ష మీద ఆధారపడకూడదు. అంకెతో పాటు బొమ్మను కూడా కంటితో చూడాలి. మీరు సొంతంగా ఎంచుకున్న 60 సెకన్ల దారి ఏ కంపెనీకీ ముందుగా తెలియదు. దాని బలం అదే.

సగటు దాచే సంగతి

ఎక్స్‌ప్రెస్ బండి సగటు వేగం బాగానే ఉన్నా, అవుటర్ సిగ్నల్ దగ్గర అరగంట ఆగితే ప్రయాణికుడికి గుర్తుండేది ఆ అరగంటే. ఆటలోనూ అంతే. ఒక సెకనులో మొదటి 50 ఫ్రేములు ఒక్కోటి 10 మిల్లీసెకన్లలో వచ్చాయనుకోండి. మొత్తం 500 మిల్లీసెకన్లు. 51వ ఫ్రేముకు మిగిలిన 500 మిల్లీసెకన్లూ పట్టాయి. లెక్క ప్రకారం సెకనుకు 51 ఫ్రేములు, చెప్పుకోదగ్గ వేగమే. కానీ అర సెకను పాటు తెర బిగుసుకుపోయింది! పోటీ ఆటలో ఆ అర సెకను చాలు ఓడిపోవడానికి.

2011లో ద టెక్ రిపోర్ట్‌లో స్కాట్ వాసన్ ఈ విషయాన్ని వివరంగా చూపించాక, సమీక్షకులు ఒక్కో ఫ్రేముకు పట్టే సమయాన్ని కొలవడం క్రమంగా అలవాటు చేసుకున్నారు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 30 ఫ్రేములంటే 33.3 మిల్లీసెకన్లు. ఇంటెల్ తయారుచేసిన ప్రెజెంట్‌మాన్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ప్రతి ఫ్రేము సమయాన్నీ మీరూ నమోదు చేయవచ్చు. వాటిలో అన్నింటికన్నా నెమ్మదైన 1 శాతం ఫ్రేములను వేరుగా చూడండి. సమీక్షల్లో 1 శాతం లో అని కనిపించేది ఇదే. దీన్ని లెక్కించడానికి ఒకటి కంటే ఎక్కువ పద్ధతులున్నాయి. అందువల్ల మీరు ఏ పద్ధతి వాడారో రాయండి, వేరే పద్ధతిలో వచ్చిన అంకెతో పోల్చకండి.

ఇక అనేక ఆటల ఫలితాలను కలపడం. మన కోని అమ్మాయి ముందున్న రెండు కార్డులకు ఇలాంటి అంకెలు వచ్చాయనుకుందాం. మొదటి కార్డు తేలిక ఆటలో 200 ఫ్రేములు, భారీ ఆటలో 40 ఫ్రేములు ఇచ్చింది. రెండో కార్డు 150, 60 ఇచ్చింది. మామూలు సగటు తీస్తే మొదటి కార్డుకు 120, రెండోదానికి 105. మొదటిదే గెలిచింది. గుణ మధ్యమం తీయండి, అంటే రెండు అంకెలను గుణించి వర్గమూలం కట్టండి. మొదటిదానికి 89.4, రెండోదానికి 94.9. ఇప్పుడు రెండోది గెలిచింది! హరాత్మక మధ్యమం తీస్తే 66.7, 85.7 వస్తాయి. తేడా ఇంకా పెరిగింది.

అంకెలు మారలేదు, కలిపే పద్ధతి మారింది. మామూలు సగటులో పెద్ద అంకె ఉన్న తేలిక ఆట మిగతావాటిని కప్పేస్తుంది. గుణ మధ్యమంలో ఒక ఆటలోని శాతం తేడాకూ మరో ఆటలోని శాతం తేడాకూ సమాన విలువ ఉంటుంది. అందుకే చాలామంది సమీక్షకులు దాన్ని వాడతారు. ఇంతకన్నా ముఖ్యమైనది, 200కీ 150కీ తేడా చాలామంది కంటికి ఆనదు, 40కీ 60కీ తేడా వెంటనే తెలుస్తుంది. ఏ మధ్యమం చూసినా, విడి అంకెలను చూడకుండా కొనవద్దు.

పరీక్ష చేసే పద్ధతి

ప్రయోగశాలలో మీరు నేర్చుకున్న మొదటి నియమమే ఇక్కడా వర్తిస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కంప్యూటర్ అదే, మెమరీ అదే, ఆట సెట్టింగులు అవే. కార్డు ఒక్కటే మారాలి. ఆట వెర్షన్, డ్రైవర్ వెర్షన్ రాసి పెట్టుకోవాలి. ఆటకు కొత్త అప్‌డేట్ వస్తే పాత అంకెలు చెల్లవు, రెండు కార్డులనూ మళ్లీ పరీక్షించాలి. ఫ్రేముల సంఖ్యకు హద్దు పెట్టే వీ-సింక్ వంటి సదుపాయాలను ఆపేయాలి. లేకపోతే 60 హెర్ట్జ్ తెర మీద మంచి కార్డులన్నీ 60 దగ్గరే ఆగిపోతాయి.

ఈ మధ్య కాలపు చిక్కు మరొకటి ఉంది. 2018లో వచ్చిన డీఎల్ఎస్ఎస్ వంటి పద్ధతులు చిన్న బొమ్మను గీసి పెద్దది చేస్తాయి. 2022 నుంచి రెండు అసలు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేమును సృష్టించి చేర్చే పద్ధతి కూడా వచ్చింది. తెర మీద కదలిక నునుపుగా కనిపిస్తుంది, కానీ మీట నొక్కినప్పుడు ఆట స్పందించే వేగం ఆ మేరకు పెరగదు. ఇవి పనికిరానివని కాదు. అయితే ఒక కార్డును వీటితోనూ, రెండోదాన్ని ఇవి లేకుండానూ కొలిచి పోల్చకూడదు. ముందు ఇవేవీ లేకుండా కొలవండి. తర్వాత వీటితో కొలిచి వేరే పట్టికలో రాయండి.

ప్రతి పరీక్షనూ కనీసం మూడుసార్లు చేయండి. ఆట మొదటిసారి నడిచేటప్పుడు తెర వెనుక చాలా సిద్ధం చేసుకుంటుంది కాబట్టి ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఒక కార్డుకు 71, 73, 72 వచ్చి, రెండోదానికి 74, 72, 73 వస్తే రెండోది ఒక ఫ్రేము ఎక్కువని ప్రకటించకండి. ఒకే కార్డు ఫలితాల్లోనే 2 ఫ్రేముల అంతరం ఉంది. ఆ రెండూ సమానమే.

ఇక వేడి. 2012లో వచ్చిన జీఫోర్స్ జీటీఎక్స్ 680 కార్డు ఉష్ణోగ్రతను, విద్యుత్తు వాడకాన్ని బట్టి తన వేగాన్ని తానే సర్దుకునేది. నేటి కార్డులన్నిటిదీ ఇదే తీరు. బిలాస్‌పూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. చల్లని గదిలో, మూత తీసిన క్యాబినెట్‌లో కొలిచిన అంకె కోని హాస్టల్ గదిలో, మూసిన క్యాబినెట్‌లో రాకపోవచ్చు. చిన్న ఫ్యాన్ ఉన్న కార్డు అక్కడ మరింత వెనుకబడవచ్చు. కాబట్టి పరీక్షకు ముందు ఒక పావుగంట ఆటను నడిపి కార్డును వేడెక్కనివ్వండి. గది ఉష్ణోగ్రతను థర్మామీటరుతో చూసి పట్టికలో రాయండి. సమీక్ష చదివేటప్పుడు కూడా ఈ వివరం ఉందో లేదో చూడండి.

ఆటల్లో గెలిచిన కార్డు అన్ని పనుల్లోనూ గెలుస్తుందనుకోవద్దు. బ్లెండర్‌లో యానిమేషన్ నేర్చుకోదలచినవారు బ్లెండర్ సొంత పరీక్ష ఫలితాలు చూడాలి. యంత్ర అభ్యసనం చేయదలచినవారు కార్డు మెమరీ పరిమాణం చూడాలి. మీ పని ఏదో ఆ పనితోనే కొలవాలి.

మీకు ఒక అభ్యాసం

ఇందుకు ఖరీదైన కార్డు అక్కరలేదు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ భాగంతోనైనా చేయవచ్చు. మీ దగ్గరున్న ఒక ఆటలో 60 సెకన్ల దారి ఎంచుకోండి. నాలుగుసార్లు నడిపి మొదటిదాన్ని వదిలేయండి. మిగిలిన మూడింటి సగటు, నెమ్మదైన 1 శాతం, గది ఉష్ణోగ్రత, ఆట వెర్షన్, డ్రైవర్ వెర్షన్ ఒక కాగితం మీద రాయండి. తర్వాత రిజల్యూషన్ ఒక్కటే మార్చి మళ్లీ చేయండి. ఆ కాగితాన్ని మీ స్నేహితునికి ఇచ్చి, మీరు పక్కన లేకుండా అదే కంప్యూటర్‌లో అదే పరీక్ష చేయమనండి. అంకెలు దగ్గరగా వస్తే మీ పద్ధతి సరైనది. రాకపోతే మీరు కాగితం మీద రాయని వివరం ఏదో ఉంది. అది ఏమిటో ఇద్దరూ కూర్చుని వెతకండి.

హైదరాబాద్‌లో ఎన్‌విడియాకూ, ఏఎమ్‌డీకీ ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. చిప్‌ను తయారుచేయడం ఎంత పనో, అది చెప్పినట్టు పనిచేస్తోందో లేదో పరీక్షించడం కూడా అంత పని. ఆ పని చేసే ఇంజనీర్లకు కావలసిన మొదటి అలవాటు మీరు ఈ అభ్యాసంలో చేసేదే. రెండు కార్డుల మధ్య ఎటూ తేల్చుకోలేక సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, బిలాస్‌పూర్ బజారులోనో దుకాణం ముందు నిలబడినప్పుడు కూడా అదే అలవాటు పనికొస్తుంది. దుకాణదారుడు ఒక అంకె చెప్పగానే ఏ ఆటలో, ఏ రిజల్యూషన్‌లో, ఎన్నిసార్లు కొలిస్తే వచ్చిందని అడగండి. జవాబు వస్తే పట్టికలో రాసుకోండి. రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని, మరో దుకాణానికి వెళ్లండి.